సాక్షులున్న కల

సినిమా హాల్లో కూర్చున్న మనిషికి కలకీ నిజానికీ తేడా తెలియకుండా పోతుందని ఎవరైనా అంటే తెనాలి మామయ్య ఊరుకోరు. డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి సైకాలజీ చెప్పి రిటైరైన మనిషి ఆయన. మేనకోడలు హైదరాబాదులో సినిమా ఎడిటరు. ఒక షాటు పక్కన ఇంకో షాటు పెడితే చూసేవాడి మనసులో ఏం జరుగుతుందో కనిపెట్టడమే ఆమె పని. సంక్రాంతి సెలవుల్లో ఇద్దరూ కలిసి పవన్ కుమార్ తీసిన కన్నడ సినిమా 'లూసియా' (2013) చూశారు. ఆ రాత్రి మొదలైన వాదం మర్నాడు మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది.

ఆ సినిమాలో నిక్కీ అనే కుర్రాడు బెంగళూరులో ఒక పాత థియేటర్లో టార్చిలైటు పట్టుకుని, ఆలస్యంగా వచ్చినవాళ్లకు సీట్లు చూపిస్తుంటాడు. అతనికి నిద్ర పట్టదు. లూసియా అనే మాత్ర వేసుకుంటే నిద్రతోపాటు కోరుకున్న కల కూడా వస్తుంది. ఆ కలలో అతను పెద్ద సినిమా స్టారు. టార్చిలైటు బతుకంతా రంగుల్లో, స్టారు జీవితమంతా నలుపు తెలుపుల్లో నడుస్తుంది. రంగున్నది నిజమనీ, లేనిది కల అనీ ప్రేక్షకుడు ముందే ఒక లెక్క కట్టుకుంటాడు. ఆఖరికి ఆ లెక్క తలకిందులవుతుంది. స్టారే నిజం. పేరు వచ్చాక తనకు దక్కకుండా పోయిన మామూలు బతుకును అతను మాత్ర వేసుకుని కలగంటున్నాడు.

"ఆఖర్లో నీక్కూడా ఏది ఏదో తెలియలేదు. ఒప్పుకో మామయ్యా" అంది మేనకోడలు.

"కథలో ఏది కలో తెలియలేదు, ఒప్పుకుంటా. కానీ నేను తెనాలిలో మా ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉన్నానన్న సంగతి ఒక్క క్షణం కూడా మర్చిపోలేదు. ఈ రెండూ వేరు వేరు విషయాలమ్మా. మీ సినిమావాళ్లూ, సినిమాల మీద రాసేవాళ్లూ రెండింటినీ కలిపేస్తారు."

తర్వాత జరిగిన వాదమంతా ఈ తేడా మీదే నిలబడింది. పాత్ర అయోమయం వేరు, ప్రేక్షకుడి అయోమయం వేరు. పాత్ర కలలో చిక్కుకున్నా ప్రేక్షకుడు పూర్తి మెలకువలోనే ఉండొచ్చు. సినిమా వ్యాసాలు చాలావరకు ఈ తేడాను గమనించకుండా దాటేస్తాయి. మామయ్య దాటనివ్వలేదు.

"మన ప్రేక్షకుడికి కలను గుర్తుపట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు" అన్నారాయన. "హీరోయిన్ కోనసీమలో కొబ్బరితోట గట్టు మీద నిలబడి కళ్లు మూసుకుంటుంది. మరుక్షణం స్విట్జర్లాండ్ మంచులో ఉంటుంది. చరణానికో చీర మారుతుంది. నేల టికెట్టు కొన్నవాడు కూడా ఈ పిల్ల అక్కడికి ఎప్పుడు వెళ్లిందని అడగడు. పాట మధ్యలో బయటికెళ్లి సోడా తాగొచ్చినా కథ తప్పిపోడు. మన డ్రీమ్ సాంగులు దశాబ్దాలుగా ఈ సరిహద్దును ఇంత స్పష్టంగా గీస్తుంటే, సినిమా దాన్ని చెరిపేస్తోందంటే ఎలా నమ్మను?"

లూమియేర్ సోదరుల రైలు సంగతి కూడా ఆయనే ఎత్తారు. తెర మీద రైలు తమవైపే దూసుకొస్తుంటే 1896 నాటి జనం బెదిరి కుర్చీల్లోంచి లేచి పరిగెత్తారని సినిమా చరిత్రల్లో చదువుతుంటాం. జర్మన్ చరిత్రకారుడు మార్టిన్ లోయ్‌పర్‌డింగర్ ఆనాటి ఆధారాలు తిరగేసి చూస్తే అలాంటి తొక్కిసలాట జరిగినట్టు రుజువేమీ దొరకలేదు. ఆ రైలును చూసి జనం అబ్బురపడి ఉంటారు, కొందరు ఉలిక్కిపడీ ఉంటారు. రైలు హాల్లోకి వచ్చేస్తోందని మాత్రం నమ్మలేదు. "తొలి ప్రేక్షకుణ్ని కూడా అమాయకుణ్ని చేసేశారు చూడు" అన్నారు మామయ్య. ఆయన కోపం నిజమైనది. పల్లెటూరి విద్యార్థులకు పాఠం చెప్పిన మనిషి కాబట్టి, ప్రేక్షకుణ్ని తక్కువ చేసే మాట ఎక్కడ వినబడ్డా ఆయనకు గుచ్చుకుంటుంది.

మేనకోడలు రైలు కథను వదిలేసింది. సరిహద్దు చెరగడమంటే బెదిరి పారిపోవడం కాదంది.

"1924లో బస్టర్ కీటన్ తీసిన 'షెర్లాక్ జూనియర్' నాకు చూపించింది నువ్వే. కీటన్ అందులో ప్రొజెక్టర్ ఆపరేటరు. మెషీను పక్కనే కునుకు తీస్తాడు. అతనిలోంచి ఇంకో కీటన్ లేచి, హాల్లోకి దిగి, నడుచుకుంటూ తెరలోకి ఎక్కేస్తాడు. తర్వాత ఏమవుతుందో గుర్తు చేసుకో. తోటలో బెంచీ మీద కూర్చోబోతాడు, కట్, బెంచీ మాయం, నడివీధిలో వెల్లకిలా పడతాడు. నాలుగడుగులు వేస్తే కొండ అంచు. తొంగి చూసేసరికి చుట్టూ సింహాలు. సముద్రం మధ్య బండ మీంచి నీళ్లలోకి దూకితే తల వెళ్లి మంచుదిబ్బలో కూరుకుపోతుంది. మనిషి కదలిక తెగదు, చుట్టూ లోకం మారిపోతుంటుంది. కలలో జరిగేది ఇదే కదా? ఇక్కడ వంటింటి తలుపు తీసి హైదరాబాదులో ఆఫీసులోకి అడుగుపెడతాం, ఆశ్చర్యం కూడా వెయ్యదు."

కంప్యూటర్లు లేని రోజుల్లో తీసిన దృశ్యం అది. ప్రతి చోటా కీటన్ తెర మీద అదే సైజులో, అదే స్థానంలో ఉండాలి. అందుకని భూమి సర్వే చేసే పరికరాలతో కెమెరా దూరాలు కొలుచుకుని మరీ తీశారు. అంత కచ్చితంగా కొలిస్తే గానీ కల అంత నిర్లక్ష్యంగా లోకాన్ని మార్చేసినట్టు కనబడలేదు. నూరేళ్లు దాటినా ఆ దృశ్యం ఎడిటర్లకు ఇంకా పాఠం చెబుతూనే ఉంది.

"'అపోకలిప్స్ నౌ' ఎడిటర్ వాల్టర్ మర్చ్ పుస్తకంలో ఉన్న ప్రశ్న కూడా ఇదే మామయ్యా. మెలకువలో లోకం ఎప్పుడూ మన కళ్ల ముందు తెగి అతుక్కోదు. మరి తెర మీద దృశ్యం రెప్పపాటులో మారిపోతే మనసు ఎందుకు ఒప్పుకుంటుంది? ఒక కారణం మనం రెప్పలార్చడం. ఇంకోటి, రాత్రిళ్లు కలల్లో ఇలాంటి తెగిన దృశ్యాలకు అలవాటు పడి ఉండటం. ఆయన ఊహ అది."

"ఊహ బాగుంది. దాన్ని పరీక్షించినవాళ్లూ ఉన్నారు" అన్నారు మామయ్య. స్టెఫాన్ ష్వాన్, సెర్మిన్ ఇల్దిరార్ అనే ఇద్దరు పరిశోధకులు దక్షిణ టర్కీ కొండ గ్రామాల్లో, అప్పటిదాకా సినిమాలూ టీవీలూ ఎరగని పెద్దవాళ్లకు చిన్న చిన్న క్లిప్పులు చూపించారు. ఫలితాలు 2010లో వచ్చాయి. ముందు ఇంటిని బయటినుంచి చూపించి తర్వాత గది చూపిస్తే, ఆ గది ఆ ఇంట్లోదేనని చూసేవాళ్లకు సులువుగా తోచలేదు. ఒక మనిషి ముఖం చూపించి ఆ వెంటనే అతను చూస్తున్నదాన్ని చూపిస్తే ఆ రెండింటికీ ఉన్న సంబంధం కూడా వెంటనే అందలేదు. "కట్ అనేది కలలోంచే వచ్చి ఉంటే వాళ్లకు అర్థం కావాలి కదా? కొండ మీద ఉన్నవాళ్లకీ కలలొస్తాయి!"

"మిగతా సగం కూడా చెప్పు. తమకు అలవాటైన పని ఒకటి వరుసగా జరుగుతుంటే, ఎన్ని కట్‌లు పడ్డా వాళ్లు తేలిగ్గానే అందుకున్నారు. కథ తెలిసినదైతే ముక్కల్ని మనసే అతుక్కుంటుంది."

ఇద్దరూ ఒకే పరిశోధనను చెరోవైపు లాగారు. లాగడానికి అందులో రెండు వైపులా ఉన్న మాట నిజమే. మామయ్య దగ్గర ఇంతకన్నా గట్టి ఆధారం ఇంకొకటుంది. దాన్ని ఆయన ఇప్పుడు బయటికి తీశారు.

న్యూరో సైంటిస్ట్ ఊరీ హాసన్ బృందం కొందరిని ఒక్కొక్కరుగా ఎంఆర్ఐ స్కానర్లో పడుకోబెట్టి వేర్వేరు దృశ్యాలు చూపించింది. మెదడు పైపొర కార్టెక్స్‌లో ఎంత భాగం వాళ్లందరిలో ఒకే తీరుగా స్పందించిందో కొలిచింది. హిచ్‌కాక్ టీవీ ఎపిసోడ్ 'బ్యాంగ్! యూ ఆర్ డెడ్'కి 65 శాతం, 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ'కి 45 శాతం, ఒక టీవీ కామెడీకి 18 శాతం వచ్చింది. పార్కులో కెమెరా పెట్టేసి ఎడిటింగ్ లేకుండా తీసిన దృశ్యానికి 5 శాతం కూడా రాలేదు. 2008లో ప్రచురించిన లెక్కలివి.

"ఇప్పుడు చెప్పు" అన్నారు మామయ్య. "హిచ్‌కాక్ చెయ్యి తగిలితే ఎవరికి వారే చూసిన మనుషుల మెదళ్లు కూడా ఒకేసారి ఒకేలా కదులుతాయి. కల అలా ఉంటుందా? ఒకే మంచం మీద పడుకున్న మొగుడూ పెళ్లాలకు కూడా ఒకే కల రాదు. కల ఎవరిది వాళ్లదే. సినిమా అందరిదీ. ఇంత ఎదురుబొదురుగా ఉన్నవాటిని ఒకే గాట కట్టి సినిమా ఒక కల అంటారు మీరు."

మేనకోడలు దగ్గర వెంటనే జవాబు లేదు. సినిమాను కలతో పోల్చే ప్రతి రచయితా ఎదుర్కోవాల్సిన అభ్యంతరం ఇది, నూటికి తొంభై మంది ఎదుర్కోరు. ఆమె కాసేపు 'లూసియా' రంగుల దగ్గరికి వెళ్లింది. 1939 నాటి 'విజర్డ్ ఆఫ్ ఆజ్'లో డొరోతీ ఉండే కాన్సస్ ఇంటికి రంగు లేదు, ఆమె చేరిన వింతలోకం మాత్రం టెక్నికలర్లో మెరుస్తుంది. ఈ సినిమాకు మూలమైన బామ్ పుస్తకంలో ఆ లోకం నిజంగానే ఉంది, దాన్ని కలగా మార్చింది సినిమానే. 1946లో పావెల్, ప్రెస్‌బర్గర్‌లు తీసిన 'ఎ మేటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్' దీన్ని పూర్తిగా తిరగేసింది. అందులో భూమ్మీద రంగులు, పైలోకంలో నలుపు తెలుపులు. "కల ఏ రంగులో ఉంటుందో సినిమావాళ్లకే ఒక మాట మీద కుదరలేదు" అందామె.

"సినిమావాళ్లకే కాదు, కలగన్నవాళ్లకీ కుదరలేదు" అన్నారు మామయ్య. తన వాదానికి బలం చేకూరుతుందనే ఈ మాట ఎత్తారు. వాదం మలుపు తిరిగింది కూడా ఇక్కడే.

1942లో అమెరికాలో మిడిల్టన్ అనే సైకాలజిస్టు 277 మంది కాలేజీ విద్యార్థుల్ని మీ కలల్లో రంగులు కనిపిస్తాయా అని అడిగాడు. ఎప్పుడూ కనిపించవనో, అరుదుగా కనిపిస్తాయనో చెప్పినవాళ్లు 70 శాతానికి పైనే. అరవై ఏళ్లు గడిచాక కాలిఫోర్నియాలో తత్వశాస్త్రం చెప్పే ఎరిక్ ష్విట్స్‌గెబెల్ తన విద్యార్థుల్ని అదే ప్రశ్న అడిగితే అలా చెప్పినవాళ్లు 20 శాతం కూడా లేరు. సినిమాకు ముందు కాలంలో, అరిస్టాటిల్ నుంచి ఫ్రాయిడ్ దాకా కలల గురించి రాసినవాళ్లెవరూ వాటికి రంగు ఉండదని అనుకున్నట్టు కనబడదు. తెర నలుపు తెలుపుల్లో ఉన్న కొన్ని దశాబ్దాల్లోనే కలలు కూడా నలుపు తెలుపులయ్యాయి. తెరకు రంగు రాగానే కలలకూ వచ్చింది. స్కాట్లాండ్‌లో డండీ విశ్వవిద్యాలయంలో ఈవా ముర్జిన్ 2008లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇటువైపే చూపిస్తుంది. చిన్నప్పుడు నలుపు తెలుపుల తెర మాత్రమే ఎరిగిన 55 ఏళ్లు దాటినవాళ్లు తమ కలల్లో సుమారు నాలుగోవంతు రంగు లేనివని చెప్పారు. పాతికేళ్లలోపు వాళ్లలో అలాంటి కలలు 5 శాతం లోపే.

"దీన్నిబట్టి సినిమా కలల్ని మార్చేసిందని తేలదు" అని మామయ్య గట్టిగా చెప్పారు. "ష్విట్స్‌గెబెల్ కూడా ఆ మాట అనలేదు. మనిషికి తన కల ఎలా ఉందో తనకే సరిగా తెలియదన్నాడు. తెలియనప్పుడు కళ్ల ముందున్న తెరను చూసి చెప్పేస్తాడు. కల మారలేదు, కల గురించి ఇచ్చే వాంగ్మూలం మారింది."

"మెలకువ వచ్చాక మన చేతిలో మిగిలేది ఆ వాంగ్మూలమే కదా మామయ్యా! కల ఎటూ నిలవదు. దాన్ని గుర్తు చేసుకునేటప్పుడు సినిమా వచ్చి మధ్యలో కూర్చుంది. నువ్వు ఇంతసేపూ హాల్లో ఏం జరుగుతుందో మాట్లాడుతున్నావు. హాల్లో నువ్వే గెలిచావు, తీసుకో. అక్కడ ఎవరూ మోసపోరు. కానీ మనిషి హాల్లో ఉండేది రెండున్నర గంటలు. గుర్తుంచుకునేది జీవితాంతం. గీత చెరిగేది ఆ తర్వాతే."

ఆమె అసలు వాదం ఇది. మామయ్య దీన్ని తేలిగ్గా తోసెయ్యలేదు. తోసేసే మనిషి కూడా కాదు. ఆయన అడిగింది ఒక్కటే. మెలకువలో ఉన్న మనసు నిన్నటి కలనీ నిన్నటి సంగతినీ బాగానే వేరు చేసుకుంటుంది కదా, సినిమా జ్ఞాపకాన్ని మాత్రం ఎందుకు వేరు చేసుకోలేదు?

దీనికి జవాబు ఒక అడ్డదారిలో దొరికింది. ఆ దారి మహేశ్ బాబు సినిమా మీదుగా వెళ్లింది.

సుకుమార్ తీసిన '1: నేనొక్కడినే' 2014 సంక్రాంతికి విడుదలైంది. రాక్ సింగర్ గౌతమ్ తన తల్లిదండ్రుల్ని పొట్టనబెట్టుకున్నవాణ్ని చంపేశానని పోలీసులకు లొంగిపోతాడు. సీసీ కెమెరాలో చూస్తే అక్కడ ఇంకో మనిషే లేడు, అతను ఒంటరిగా గాలితో పోరాడుతున్నాడు. అంతకుముందు ఆ ఫైటు మొత్తం ప్రేక్షకుడు నిజమనే చూశాడు. విడుదలైన రోజుల్లో చాలామంది తికమక పడ్డారు, సినిమా నిడివి తగ్గించాల్సి వచ్చింది. తర్వాత్తర్వాత దాన్ని నెత్తిన పెట్టుకున్నదీ తెలుగు ప్రేక్షకులే. నాలుగేళ్లకు ప్రశాంత్ వర్మ 'అ!' ఇంకా ముందుకెళ్లింది. అందులో మనం కలిసిన మనుషులంతా చివరికి ఒకే అమ్మాయి మనసులో ఉన్నవాళ్లని తేలుతుంది.

"ప్రేక్షకుడికి కోపం వచ్చిందంటే అర్థముంది. కలకు ఒక గుర్తు పెట్టాలన్నది మీకూ వాళ్లకూ మధ్య ఒప్పందం. పెట్టలేదు" అన్నారు మామయ్య.

"గుర్తు అంటే ఏంటి? మసక వెయ్యడమా, పొగ వదలడమా? 'స్పెల్‌బౌండ్'లో కల తీయాల్సొచ్చినప్పుడు హిచ్‌కాక్ మసక వద్దన్నాడు. కల మెలకువకన్నా స్పష్టంగా, పొడుగాటి నీడలతో ఉండాలని సాల్వడార్ డాలీని పిలిపించి సెట్లు గీయించాడు. నా చేతిలో ఇప్పుడో సీనుంది. వేటకెళ్లి తిరిగిరాని మొగుడు తెల్లవారుజామున వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటుంటాడు, పెళ్లాం చూస్తుంది. డిజాల్వ్ వద్దు, రంగు మార్చొద్దు అంటాడు డైరెక్టరు. నాకూ అదే సబబనిపిస్తోంది. ఆవిడకు ఆ క్షణంలో గుర్తు కనబడలేదు, నేనెందుకు పెట్టాలి?"

"ఆ వాకిట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"అత్తగారు. కళ్లాపి చల్లుతుంటుంది."

"ఆవిడకు కొడుకు కనబడతాడా?"

"కనబడడు. పక్కనుంచే వెళ్లిపోతుంది."

"అదిగో గుర్తు. మసకలూ పొగలూ అక్కర్లేదు. పక్కవాళ్లకు కనబడకపోవడమే కలకు గుర్తు. ఏదైనా జరిగిందో లేదో అనుమానం వస్తే మనం చేసే మొదటి పని పక్కనున్నవాళ్లను నువ్వు కూడా చూశావా అని అడగడమే."

ఆ మాట అంటుండగానే మామయ్యకు లవణ మహారాజు కథ గుర్తొచ్చింది. యోగవాసిష్ఠంలోది. ఆ గ్రంథాన్ని మడికి సింగన వాసిష్ఠ రామాయణంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కొలువులోకి ఒక ఇంద్రజాలికుడు వచ్చి నెమలిఈకల కుంచె ఊపుతాడు. రాజు కాసేపు కదలకుండా ఉండిపోతాడు. తెలివొచ్చాక వణికిపోతూ తన కథ చెబుతాడు. గుర్రమెక్కి అడవిలో దారి తప్పాడు, ఆకలికి తాళలేక ఒక చండాల యువతిని పెళ్లాడాడు, ఏళ్లకేళ్లు ఆ పల్లెలో బతికాడు, పిల్లల్ని కన్నాడు, కరువొస్తే వాళ్ల ఆకలి చూడలేక నిప్పుల్లో దూకబోయాడు. కొలువులో గడిచింది మాత్రం కొద్ది క్షణాలు. కథ ఇక్కడ ఆగిపోతే అది మామూలు కలే. కానీ రాజు మర్నాడు వింధ్య అడవులకు వెళ్లి వెతుకుతాడు. ఆ పల్లె ఉంది. పోయిన అల్లుణ్ని తలుచుకుని ఏడుస్తున్న ముసలావిడ ఉంది.

"మనవాళ్లు ఈ గీతను సినిమా పుట్టకముందే చెరిపి చూశారు" అన్నారాయన. "కలకు సాక్షి దొరికితే అది కలగా ఉండదు. లవణుడి కథ అంతగా భయపెట్టేది అందుకే."

మేనకోడలు ఇందాక తనకు దొరకని జవాబును ఈ కథలోంచి అందుకుంది. "హాసన్ స్కానర్ చెప్పింది ఇదే కదా! అందరి మెదళ్లూ ఒకేలా కదిలితే అది కల కాదన్నావు. నేను దాన్నే తిప్పి చెబుతున్నా. కలగన్నవాడికి సాక్షులుండరు. సినిమా చూసినవాడికి లక్షలమంది సాక్షులు. పక్క సీటులో వాడూ చూశాడు, ఊళ్లోవాళ్లంతా చూశారు. నువ్వు కూడా చూశావా అని అడిగితే అందరూ చూశామనే అంటారు. కలను నిజంలోంచి ఏరెయ్యడానికి మన దగ్గరున్న ఆ ఒక్క పరీక్షలో సినిమా ప్రతిసారీ నెగ్గుతుంది. అందుకే జ్ఞాపకంలో అది కలల పక్కన చేరదు, జరిగిన సంగతుల పక్కన చేరుతుంది."

మామయ్య వాదంలో గట్టిదైన ఆధారమే ఇక్కడ ఆమె వైపు వచ్చేసింది. ఈ వ్యాసకర్తకు ఆమె మాటే సరైనదనిపిస్తోంది. సినిమా కలలా ఉండటం వల్ల గీత చెరగడం లేదు. కలకు ఎప్పుడూ లేని బలగం సినిమాకు ఉండటం వల్ల చెరుగుతోంది.

ఈ మాటను తెలుగువాళ్ల మీద పరీక్షించాలంటే ఎన్టీఆర్ కృష్ణుడి దగ్గరికి వెళ్లక తప్పదు. తిరుపతి యాత్రకు వెళ్లినవాళ్లు అక్కణ్నుంచి బస్సుల్లో మద్రాసు వెళ్లి బజుల్లా రోడ్డులో ఆయన ఇంటి ముందు దర్శనం కోసం నిలబడేవారు. ఆ ప్రస్తావన రాగానే మామయ్య ముఖం మారింది. "ఆ జనం నటుణ్ని పట్టుకుని దేవుడనుకున్నారని రాస్తుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. 1956లో 'సొంతవూరు'లో ఆయన కాసేపు కృష్ణుడి వేషంలో కనిపిస్తే ఈ జనమే మెచ్చలేదు. అందుకే మరుసటేడు 'మాయాబజార్'కి ఆ వేషం వెయ్యడానికి ఆయనే వెనకాడారు. కె.వి.రెడ్డి నచ్చజెప్పి, కిరీటం దగ్గర్నుంచి నవ్వు దాకా శ్రద్ధ పెట్టి దిద్దితే అప్పుడు ఒప్పుకున్నారు. కృష్ణుడు అతనే, నటుడూ అతనే, ఒకటి చెల్లలేదు, ఇంకోటి చెల్లింది. గుడ్డిగా నమ్మేవాళ్లు అలా ఏరుకుంటారా?"

"ఏరుకున్నారు కాబట్టే నిలిచిపోయింది" అందామె. "వాళ్లు మోసపోయారని నేననను. నిన్నే అడుగుతా. కళ్లు మూసుకుని కృష్ణుణ్ని తలుచుకో. ఎవరి ముఖం కనిపిస్తోంది?"

మామయ్య కళ్లు మూసుకోలేదు. ఎవరి ముఖం వస్తుందో ఆయనకు తెలుసు.

"పోతన భాగవతం చదివినవాడివి, ఆ ముఖమే వస్తుంది. నాకూ అదే వస్తుంది, మా ఫ్రెండ్స్‌కీ అదే వస్తుంది. 'మాయాబజార్'లో ప్రియదర్శిని అనే పెట్టె ఉంటుంది చూడు, మూత తీస్తే ఎవరికి ప్రియమైనది వాళ్లకు కనబడుతుంది. అది కల. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. థియేటర్ దానికి ఎదురు. అందరూ కలిసి ఒకే పెట్టెలోకి చూశారు, అందరికీ ఒకే కృష్ణుడు కనిపించాడు. ఇంతమంది ఒకేలా చూసినదాన్ని మనసు ఊహ అనుకోమంటే ఎలా అనుకుంటుంది?"

మామయ్య కాస్త దిగి వచ్చారు. అది కూడా ఆధారంతోనే. బట్లర్, రోడిగర్ తదితరులు 2009లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. విద్యార్థులకు చరిత్ర పాఠం ఇచ్చి, అదే విషయం మీద తీసిన సినిమాల్లోంచి కొన్ని దృశ్యాలు చూపించారు. పాఠంలో ఉన్నట్టే సినిమాలో ఉన్న సంగతులు మరింత బాగా గుర్తున్నాయి. సినిమా తప్పు చెప్పిన చోట మాత్రం చాలామంది పాఠాన్ని వదిలేసి సినిమానే గుర్తుపెట్టుకున్నారు. సినిమాల్లో తప్పులుంటాయి జాగ్రత్త అని పొడిగా హెచ్చరించినా లాభం లేకపోయింది. పలానా విషయం తప్పు అని విడమరిచి చెప్పినప్పుడు ఆ పొరపాట్లు బాగా తగ్గాయి.

"అంటే సినిమా మొదట్లో మేం వేసే ఆ కార్డు, పాత్రలన్నీ కల్పితాలనేది, దేనికీ పనికిరాదన్నమాట" అందామె.

"పనికిరాదు. ఏది కల్పితమో పేరు పెట్టి చెప్పాలి. ఉదాహరణకి శశిరేఖ. బలరాముడికి ఆ పేరుతో ఒక కూతురుందనీ, అభిమన్యుడితో ఆమె పెళ్లికి ఘటోత్కచుడు అంత తతంగం నడిపాడనీ వ్యాసుడు రాయలేదు. కవిత్రయం భారతంలోనూ లేదు. నేను అడిగిన పిల్లల్లో ఆ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ."

"అది సినిమా ఒక్కదాని పని కాదు కదా. జానపదంలో ఉంది, సురభివాళ్లు నాటకం ఆడారు, 1936లోనే ఒక సినిమా వచ్చింది."

"వచ్చింది. అయినా శశిరేఖ అంటే ఇప్పుడు సావిత్రి. ఆ పడవ ప్రయాణానికి మార్కస్ బార్ట్లీ కెమెరాతో సృష్టించిన వెన్నెల మన భారతంలోకి ఎక్కి కూర్చుంది. నీ సిద్ధాంతం ప్రకారమే చెబుతున్నా, సాక్షులు ఎక్కువైపోయారు."

నెలకోసారి కాలేజీ పిల్లల్ని పోగేసి సినిమా చూపించడం మామయ్యకు అలవాటు. వచ్చే నెల 'మాయాబజార్' వెయ్యాలనీ, సినిమా మొదలవ్వకముందే శశిరేఖ సంగతి చెప్పెయ్యాలనీ ఆయన అక్కడికక్కడే నిర్ణయించుకున్నారు. మేనకోడలు ఒప్పుకోలేదు. తెర మీద సావిత్రి కనబడుతున్నంతసేపూ పిల్లలు ఈవిడ భారతంలో లేదనుకుంటూ చూడాలా అని నిలదీసింది. ముందు చూడనివ్వు, మర్నాడు భారతం చేతికిచ్చి శశిరేఖ ఏ పర్వంలో ఉందో వెతకమను, దొరక్క వాళ్లే నీ దగ్గరికి వస్తారంది. ఆ వెతుకులాట నచ్చింది మామయ్యకు. కానీ ఎవరి మాట సరైందో ఊహతో తేల్చుకునే మనిషి కాదు ఆయన. పిల్లల్ని రెండు జట్లు చేద్దామన్నారు. ఒక జట్టుకు ముందే చెప్పాలి, రెండో జట్టుకు సినిమా అయ్యాక చెప్పాలి. నెల తిరిగాక రెండు జట్లనీ భారతంలో అభిమన్యుడి కథ రాయమనాలి. ఎవరి కాగితాల్లో శశిరేఖ ఎంతమేరకు వస్తుందో అప్పుడు చూడాలి.

ఆమె దీనికి సరేనంది. ఒక్క షరతు పెట్టింది. 2010లో వచ్చిన రంగుల ప్రింటు వెయ్యకూడదు, 1957 నాటి నలుపు తెలుపులే వెయ్యాలి. ఈ కాలం పిల్లలు రంగు లేకపోతే కూర్చోరని మామయ్య. కలలకు కూడా తెర రంగే అంటుకుందని ఇందాక లెక్కలు చెప్పింది నువ్వే కదా, బార్ట్లీ వెన్నెలను పిల్లలు ముందు అతను తీసినట్టే చూడాలని ఆమె. భోజనాలకు పిలుపు వచ్చేసరికి జట్ల సంగతి తేలింది గానీ ప్రింటు సంగతి తేలలేదు.